మైనస్ రెండు

తెల్లవారుజాము నాలుగుంబావుకి
లిఫ్టులో మైనస్ రెండు నొక్కుతాను.
వాదీ కబీర్ ఇంకా దుప్పటి తియ్యలేదు.
నాకన్నా రెండు జానలు ఎత్తు నా డబుల్ బాస్;
పెద్దాయన్ని ఆస్పత్రికి తీసుకెళ్తున్నట్టు
నడుం చుట్టూ చెయ్యేసి దించుతాను.

నాలుగో అంతస్తులో వాయించనని
ఇంటి ఓనరు సంతకం పెట్టించుకున్నాడు.
ఇక్కడ పడుకునేవి కార్లే.

పైన ఏసీకి ఎండుతుంది, కింద ఉక్కకి ఉబ్బుతుంది.
రెండూళ్ళ నీళ్ళు తాగిన మనిషిలా
రోజూ కొంచెం శ్రుతి తప్పుతుంది చెక్క.
పోయినేడాది పొట్ట మీద వెంట్రుకంత చీలింది.
దీన్ని నాకమ్మిన హోటల్ బ్యాండు మిర్చా
ఫోన్లో ఫొటో చూసి చాలాసేపు మాట్లాడలేదు.

రోజిన్ ఫ్రిజ్‌లో ఉంటుంది, గోంగూర సీసా పక్కన.
ఆగస్టులో ఒకసారి కార్లో మర్చిపోతే
బెల్లంపాకమై సీటంతా పారింది.

ముందు ఖాళీ తీగలు.
ఎనిమిది అంకెలు లాగుడు, ఎనిమిది అంకెలు తోపుడు.
ఇరవై నిమిషాలు ఇంతే.
పాట లేదు.
మూలన నీళ్ళ మోటారు అందుకుంటుంది.
దాని హోరు నా రెండో తీగకి వెంట్రుకవాసి తక్కువ.
నాకున్న తంబూరా అదే.
దాన్లో కలిసిపోకుండా
ఆ వెంట్రుకవాసి దూరంలో నిలబడ్డం నేర్చుకుంటున్నాను.

లావు తీగ నిండుగా పలికిన రోజు
మూడో స్తంభం దగ్గరి తెల్ల పజేరో
అలారం కొట్టుకుంటుంది.
వాచ్‌మన్ మొఫిజుల్ పరిగెత్తుకొచ్చి
"ఆజ్ అచ్ఛా బజా, మేడమ్" అంటాడు.

మా నాన్న తుని పెళ్ళిబ్యాండులో
ఒంటికి చుట్టుకునే పెద్ద బాకా ఊదేవాడు.
ఊరేగింపులో జనం గుర్రాన్ని చూసేవాళ్ళు,
క్లారినెట్ కుర్రాడి జుట్టు చూసేవాళ్ళు.
నాన్నని ఎవరూ చూసేవాళ్ళు కాదు.
ఆయనకి జ్వరమొచ్చిన ఒక్క రాత్రి మాత్రం
"ఏంటివాళ మేళం పల్చగా ఉందీ" అన్నారట.
ఆ మాట ఆయన చాలా ఏళ్ళు చెప్పుకున్నాడు,
ఎవరో శాలువా కప్పినట్టు.

తర్వాత స్కేళ్ళు. తర్వాత బొటనవేలు తీగ మీద అడ్డంగా పడేసి
పై స్వరాలకి పాకడం.
బొబ్బలు పగిలి కాయలు కాశాయి.
టైల్స్ కంపెనీలో హాజరు మిషన్
నా చూపుడువేలుని పోల్చుకోవడం మానేసింది.
ఎర్రగా వెలుగుతుంది, రెండుసార్లు.
కెజియానే, అంటాను దాంతో,
వరసలో వెనకవాళ్ళు నవ్వుతారు.

ఆఖర్న ఆడిషన్‌కిచ్చిన ఆరు ముక్కలు, సగం వేగంలో.
నాలుగో దాంట్లో పదకొండో కొలత దగ్గర జారతాను.
స్పీడ్‌బ్రేకర్ ఎక్కడుందో తెలిసీ
రోజూ ఎగిరిపడే స్కూటర్ లాగా.

ఆ రోజు తెర కడతారట.
మడమల చప్పుడుకి ఆడో మగో తెలియకుండా
చెప్పులు విప్పి నడవాలట. పేరుండదు, నంబరే.
పదకొండేళ్ళుగా ఈ గడ్డ మీద ఏ కిటికీ ముందు నిలబడ్డా
మొదటి ప్రశ్న ఏ దేశం, రెండోది ఎవరి వీసా.
ఆ తెర వెనక ఎవరూ ఏమీ అడగరు.
సంతోషించాలి కదా.
అది తల్చుకున్నప్పుడే కమాను వణుకుతోంది.

అలవాటవ్వాలని
మొఫిజుల్ రెండు స్తంభాల మధ్య కారు కవరు కట్టాడు.
అటువైపు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, జడ్జిలా, టీతో.
ఆరు ముక్కలూ ఆపకుండా వాయించాను.
చాలాసేపటికి కవరు వెనకనుంచి
"ఒకచోట ఏదో అయింది, మేడమ్" అన్నాడు.
ఎక్కడని అడిగాను.
"నాకీ సంగీతం తెలీదు.
మోటారు ఆగిపోయినట్టనిపించి
లేచి చూడబోయాను."

మోటారు తిరుగుతూనే ఉంది.

ఇంకా పంతొమ్మిది రోజులు.
ఐదున్నరకి మొదటి కారు బయల్దేరుతుంది, ఈలోగా
చెప్పులు విప్పేశాను.
నేల నిన్నటి వేడిలోనే ఉంది.
పదకొండో కొలత.
సగంలో సగం వేగం.